టీసీ ఇచ్చేశాం, పిల్లవాడు ఏమయ్యాడు?



మూడేళ్ల కిందటి మాట. మా కాలేజీలో సెకండియర్ పిల్లవాడొకడు హాస్టల్ గదిలో గంజాయితో దొరికిపోయాడు. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. స్టాఫ్ మీటింగ్ పదిహేను నిమిషాల్లో ముగిసింది. "మిగతా పిల్లలు కూడా పాడైపోతారండీ" అన్నారొకరు. "ఆ వాడల్నుంచి వచ్చేవాళ్లకి ఇవన్నీ మామూలే" అన్నారు ఇంకొకరు, నా వైపు చూడకుండా. టీసీ రాసిచ్చారు. వాణ్ని డాక్టరుకి చూపిద్దామా అని ఎవరూ అడగలేదు. ఆ వాడల్లోనే పుట్టి పెరిగిన నేనూ అడగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక నవల చదివాను. అప్పటినుంచి ఆ మీటింగు నన్ను వదలడం లేదు. అందుకే ఈ వారం ఆ నవల గురించీ, దాని చుట్టూ నడిచిన చరిత్ర గురించీ రాస్తున్నాను.

నవల పేరు "ఎ హీరో ఎయింట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్". 1973లో వచ్చింది. న్యూయార్క్‌లో పొడుగాటి బ్రెడ్డుతో చేసే శాండ్‌విచ్‌ని "హీరో" అంటారు. ఆ మాట మీద ఆడిన చమత్కారమే ఈ పేరు. హీరోలు ఎక్కడా లేరురా, హీరో అంటే తినే వస్తువే అని ఒక నల్లజాతి పిల్లవాడు వెటకారంగా అన్నట్టు ఉంటుంది.

రాసింది ఆలిస్ చైల్డ్రెస్. దక్షిణ కరోలినాలో పుట్టి, హార్లెంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. హైస్కూల్ చదువు పూర్తి కాలేదు. ఇళ్లల్లో పనిమనిషిగా చేసింది, నాటకాల్లో నటించింది, నాటకాలు రాసింది. పనిమనుషుల బతుకుల మీద 1956లో "లైక్ వన్ ఆఫ్ ద ఫ్యామిలీ" అనే పుస్తకం తెచ్చింది. "నువ్వు మా ఇంటి మనిషివే" అనే యజమానురాలి మాటలో ఎంత అబద్ధముందో అందులో ఒక పనిమనిషి నోటితోనే చెప్పించింది. ఆ మాట మన అమ్మలు ఎన్ని ఇళ్లల్లో వినలేదు!

ఇక నవల. బెంజీ జాన్సన్‌కి పదమూడేళ్లు. హార్లెంలో ఉంటాడు, హెరాయిన్ తీసుకుంటాడు. నాకేం అలవాటు కాలేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తానంటాడు. క్లాసులో తూలుతుంటే ఇద్దరు టీచర్లు గమనిస్తారు. ఒకాయన నల్లజాతి చైతన్యం నూరిపోసేవాడు, ఇంకొకాయన తెల్లవాడు. ఒకరంటే ఒకరికి పడదు. అయినా పిల్లవాడి విషయంలో ఇద్దరూ ఒక్కటై ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకుపోతారు. ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చినవాడు మళ్లీ మొదలుపెడతాడు. తల్లితో కలిసి ఉంటున్న బట్లర్ అనే మనిషి బట్టలు దొంగిలించి అమ్ముకుంటాడు.

ఈ కథ చెప్పేది ఒక్కరు కాదు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరిది. బెంజీ, తల్లి, అమ్మమ్మ, టీచర్లు, స్నేహితుడు, గొడవల్లేకుండా రిటైరైతే చాలనుకునే ప్రిన్సిపాల్ అందరూ మాట్లాడతారు. ఆఖరికి మందు అమ్మేవాడికీ ఒక అధ్యాయం ఉంది. నేను కాకపోతే ఇంకొకడు అమ్ముతాడంటాడు వాడు. చాలామంది హార్లెం వీధి భాషలోనే మాట్లాడతారు. తప్పంతా ఫలానావాడిదేనని రచయిత్రి వేలెత్తి చూపించదు. పిల్లవాడి చుట్టూ ఇంతమంది పెద్దలుండి కూడా వాడు ఒంటరిగా ఎలా మిగిలాడో చూపిస్తుంది.

ఆ పిల్లవాడికి ఏమీ కాని బట్లరే చివరకు వాడికి దిక్కవుతాడు. ఒక బిల్డింగు నిర్వహణ పని చేసుకునే మామూలు కార్మికుడు. దొంగతనం చేసి పారిపోతూ మేడ మీదనుంచి జారిపోబోయిన బెంజీ చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. చివర్లో చికిత్సా కేంద్రం బయట నిలబడి వాడి కోసం ఎదురుచూస్తుంటాడు. వాడు వస్తాడా, రాడా? నవల చెప్పదు.

ఇప్పుడు ఆ ఏడాదిని గమనించండి. అదే 1973 మే నెలలో, అదే న్యూయార్క్ రాష్ట్రంలో గవర్నర్ రాక్‌ఫెల్లర్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఒక ఔన్సు హెరాయిన్ అమ్మినా, రెండు ఔన్సులు దగ్గరున్నా కనీసం పదిహేనేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ఆ రాష్ట్రంలో అప్పట్లో పదహారేళ్లు నిండితే పెద్దవాడికిందే లెక్క. అంటే బెంజీకి మిగిలింది మూడేళ్లు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ చట్టాల కింద జైళ్లు నింపినవాళ్లలో అత్యధికులు నల్లవాళ్లు, లాటినోలు. చట్టాన్ని గట్టిగా సడలించడానికి 2009 దాకా పట్టింది.

ఇక్కడ నిజం మొత్తం చెప్పుకోవాలి. కఠిన శిక్షలు కావాలని అడిగినవాళ్లలో హార్లెం పాస్టర్లు కొందరు కూడా ఉన్నారు. 1969 డిసెంబర్‌లో హార్లెంలో పన్నెండేళ్ల పిల్లవాడు హెరాయిన్‌తో చనిపోయాడు. అలాంటి చావులు చూసినవాళ్ల భయం అది. వాళ్లు చికిత్సా కేంద్రాలు అడిగారు, మంచి బడులు అడిగారు, పోలీసుల్నీ అడిగారు. ప్రభుత్వం తొందరగా పంపింది పోలీసుల్ని.

నవలకి కూడా శిక్ష పడింది. న్యూయార్క్ దగ్గర్లోని లాంగ్ ఐలాండ్‌లో ఐలాండ్ ట్రీస్ అనే స్కూలు జిల్లా ఉంది. 1976లో అక్కడి స్కూల్ బోర్డు పదకొండు పుస్తకాల జాబితా పెట్టుకుని, చివరికి తొమ్మిదింటిని తీసేసింది. పదకొండులో ఐదు నల్లజాతి, పోర్టోరికో మూలాల రచయితలవి. చైల్డ్రెస్ నవల అందులో ఉంది. హెరాయిన్ నుంచి, జైలు నుంచి బయటపడ్డ పిరి థామస్ ఆత్మకథ ఉంది. తెల్ల మధ్యతరగతి అమ్మాయి మత్తు డైరీగా 1971లో అచ్చయిన "గో ఆస్క్ ఆలిస్" కూడా ఉంది. దాన్ని అజ్ఞాత బాలిక నిజం డైరీ అని అమ్మారు. రాసింది బియాట్రిస్ స్పార్క్స్ అనే పెద్దావిడ అని తర్వాత బయటపడింది.

ఈ పుస్తకాల్లో అమెరికా వ్యతిరేకత ఎక్కడుందో ఒక ఉదాహరణ చెప్పమని బోర్డు సభ్యుల్ని అడిగారు. వాళ్లు చూపించింది చైల్డ్రెస్ నవలనే. జార్జ్ వాషింగ్టన్‌కి బానిసలుండేవారని అందులో ఒకచోట ఉందట! అది చరిత్రలో ఉన్న నిజం. వాళ్లను బాధపెట్టింది హెరాయిన్ ఒక్కటే కాదని ఆ జవాబులోనే తెలిసిపోయింది.

ఆ స్కూలు జిల్లా ఉన్నది లెవిట్‌టౌన్ ప్రాంతంలో. 1947లో కట్టడం మొదలైన ఆ కాలనీ తొలి ఒప్పందాల్లో తెల్లవాళ్లు కానివాళ్లు అక్కడ ఉండకూడదని రాసి ఉండేది. ఒక మినహాయింపు మాత్రం ఉంది: ఇంటి పనివాళ్లు ఉండొచ్చు. పనిమనిషిగా లోపలికి రానిస్తారు, రచయిత్రిగా వస్తే లైబ్రరీలోంచి తీసేస్తారు. ఇది మనకు ఎవరైనా విడమర్చి చెప్పాలా?

కోర్టుకెక్కింది పిల్లలే. స్టీవెన్ పికో అనే పదిహేడేళ్ల విద్యార్థి, ఇంకొందరు 1977లో కేసు వేశారు. 1982 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల్లో ఐదుగురు విద్యార్థుల వైపు నిలిచారు. కారణాల్లో ఆ ఐదుగురూ ఏకం కాలేదు గానీ, భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో బడి లైబ్రరీలోంచి పుస్తకం తీసేయడం కుదరదన్న మాట ఆ తీర్పుతోనే నిలబడింది. పుస్తకాలు తిరిగి లైబ్రరీకి వచ్చాయి.

మన దగ్గరికి వద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద పాఠం చదివి ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అందరికీ తెలుసు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. సీసా మీద ఇంత రాజకీయం నడిచింది. తాగుడు మానాలని అవస్థపడే మనిషి చెయ్యి పట్టుకునే ఏర్పాటు మీద ఎంత నడిచింది? ఆ మనిషి పదిహేడేళ్లవాడైతే, వాడవాడైతే, వాడికి దొరికేది టీసీ, లేదంటే స్టేషను.

విద్యార్థులు ఇది రాసి పెట్టుకోండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరుందనో కేసు పడ్డ బానిస, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఉచిత హెల్ప్‌లైన్ 14446. ఆ రోజు మీటింగులో ఈ రెండు ముక్కలూ నేను చెప్పి ఉండాల్సింది.

పోయిన నెల ఆ పిల్లవాడి ఊరు వెళ్లాను. వాడు ఇంట్లో లేడు. "ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో తెలవదు సారూ" అంది వాళ్లమ్మ. టీ పెట్టిచ్చింది. నా నంబరు, ఆ హెల్ప్‌లైన్ నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి వచ్చాను. ఇంకా ఫోను రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.

జై భీమ్.