చిన్న పాత్రల బొమ్మలు: పేరున్నవారూ, పేరులేనివారూ

నా బీరువాలో పదకొండు ప్లాస్టిక్ బొమ్మలున్నాయి. వాటిలో చాలావాటి యెత్తు నాలుగంగుళాలకు కొంచెం తక్కువ. అన్నీ 'స్టార్ వార్స్' అనే అమెరికన్ సినిమాలో పాత్రలే. అయితే వొక్కటీ నాయకుడిది కాదు. ఓహైయో రాష్ట్రంలో వుద్యోగం చేస్తున్న మా మేనమామ కొడుకు పాతసామాన్ల దుకాణాల్లో వెతికి, వచ్చినప్పుడల్లా వొకటో రెండో తెచ్చి యిస్తాడు. వాటిని చూసిన మా కళాశాల చరిత్రాధ్యాపకులొకరు, "తరగతిలో గురజాడను చెపుతారు, యింట్లో అమెరికా బొమ్మల్ని కొలుస్తారు. యిదెక్కడి అభ్యుదయం మాస్టారూ?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు గాని, ఆ ప్రశ్న కొట్టిపారెయ్యదగింది కాదు. దానికి సమాధానం వెతుక్కోవడానికే యీ వ్యాసం.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో 'బొమ్మ' అన్నమాట చాలా విశాలమైనది. కొండపల్లి కర్రబొమ్మా బొమ్మే, కాగితం మీద గీసిందీ బొమ్మే, హాల్లో ఆడే సినిమా కూడా బొమ్మే. ఇంగ్లీషులో అలా కాదు. 1964లో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ.జో అనే సైనికుడి బొమ్మను మార్కెట్టులో పెట్టినప్పుడు, 'డాల్' అంటే మగపిల్లలకు కొనిపెట్టరని భయపడి 'యాక్షన్ ఫిగర్' అని కొత్తపేరు పెట్టింది. ఆడపిల్లల ఆట తక్కువదన్న దురభిప్రాయం సమాజంలో వుంది. వ్యాపారి దాన్ని సరిదిద్దలేదు, దాన్ని ఆసరా చేసుకుని సరుకు అమ్ముకున్నాడు.

'స్టార్ వార్స్' 1977 మే 25న విడుదలైంది. దర్శకుడు జార్జి లూకస్ ఆ సినిమా పేరుతో అమ్మే సరుకుల మీద హక్కులను స్టూడియోకి వదలకుండా తనచేతిలో వుంచుకున్నాడు. వాటి విలువ స్టూడియోకి అప్పటికింకా తెలియదు. బొమ్మలు చేసే అనుమతి సిన్‌సినాటీ నగరంలోని కెన్నర్ కంపెనీకి దక్కింది. కెన్నర్ అప్పుడు జనరల్ మిల్స్ అనే పిండి, ఫలహారాల కంపెనీ కింద వుండేది. సినిమా అంతగా ఆడుతుందని కెన్నర్ అనుకోలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. అప్పుడా కంపెనీ బొమ్మల్లేని అట్టకవరు అమ్మింది. అందులో వున్న చీటీని పోస్టులో పంపితే, 1978లో నాలుగు బొమ్మలు యింటికి వస్తాయి. సరుకు పుట్టకముందే దానిమీది ఆశను సరుకుగా అమ్మడానికి యింతకంటె స్పష్టమైన వుదాహరణ నాకు తెలియదు.

1978లో మొదటి పన్నెండు బొమ్మలు వచ్చాయి, తరవాత యెనిమిది. చిన్న పాత్రల చరిత్ర యీ యెనిమిదితో మొదలవుతుంది. వీటిలో నాయకుడికి కొత్తవేషం వేసినది వొక్కటే. తక్కినవాళ్లు తెరమీద కొద్దిసేపు కనిపించి పోయేవాళ్లు. వొక సారాకొట్టు దృశ్యంలో బల్లల దగ్గర కూర్చున్న వింతప్రాణులకు హామర్‌హెడ్, వాల్‌రస్‌మాన్, స్నాగిల్‌టూత్ అని పేర్లు పెట్టారు. వొకడిది సుత్తితల, మరొకడిది వాల్‌రస్ ముఖం, యింకొకడివి వంకరపళ్లు. మన పల్లెల్లో పేదవాణ్ణి తలిదండ్రులు పెట్టిన పేరుతో కాక, వాడి అవిటినో ఆకారాన్నో బట్టి పిలవడం యెరిగినవాళ్లకు యీ పద్ధతి కొత్తగా తోచదు.

యీ అనామకులకు బొమ్మలెందుకు చేశారు? లాభం కోసమని వొక్కమాటలో చెప్పవచ్చు. నాయకుణ్ణి కొన్నవాడికి రెండో బొమ్మ అమ్మాలి, యిరవయ్యోదీ అమ్మాలి. బొమ్మను చిన్నదిగా చేసి, ధర తక్కువగా పెట్టడంలో వున్న వుద్దేశం అదే. కాని యిది సగం సమాధానమే. పిల్లవాడికి నాయకుడొక్కడితో ఆట సాగదు. లోకం కావాలి. లోకమంటే సంత కావాలి, కాపలావాడు కావాలి, కొట్లో కూర్చుని వూరికే చూసేవాడు కావాలి. మన బొమ్మలకొలువులో దేవుళ్ల పక్కన కూరగాయలమ్మేవాళ్లు యెందుకున్నారో, వీళ్లూ అందుకే వున్నారు. పెట్టుబడి ఆ కోరికను పుట్టించలేదు, వాడుకున్నది.

ఆ పిల్లలు పెద్దవాళ్లయి సేకర్తలయ్యారు. ఇక్కడ కథ మలుపు తిరిగింది. ఆటవస్తువు ఆస్తి అయింది. 1978లో సియర్స్ దుకాణాల కోసం చేసిన సారాకొట్టు సెట్టులో స్నాగిల్‌టూత్ నీలిదుస్తులతో, పొడుగ్గా, కాళ్లకు బూట్లతో వచ్చాడు. సినిమాలో అతను పొట్టివాడు, దుస్తులు యెర్రనివి. పొరపాటు తెలిశాక కంపెనీ సరిదిద్దింది. ఇవాళ తప్పుగా చేసినదానికే యెక్కువ ధర. 1985లో వచ్చిన యాక్‌ఫేస్ అనే బొమ్మను అమెరికాలో అమ్మలేదు, కెనడాలోనూ యూరపులోనూ అమ్మారు. అంచేత అమెరికాలో దానికి గిరాకీ. బోబాఫెట్ బొమ్మ వీపునుంచి రాకెట్టు యెగిరేట్టు తయారుచేసి, పిల్లల గొంతులో యిరుక్కుంటుందన్న భయంతో 1979లో మానుకున్నారు. ఆ నమూనా వొకటి 2024లో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. ఆడుకోవడానికి పనికిరాదని నిర్ణయించిన బొమ్మకే అత్యధికమైన వెల! ఉపయోగపు విలువకూ మారకపు విలువకూ వున్న తేడాను విద్యార్థులకు చెప్పడానికి నాకు యింతకంటె మంచి పాఠం దొరకలేదు.

అయినా సేకర్తలందరూ బేరగాళ్లని అనడం అన్యాయం. పాత్రమీది ప్రేమ నిజమైనదే. 1987లో మొదలైన ఆటపుస్తకాలూ, 1995లో వచ్చిన సారాకొట్టు కథల సంపుటీ యీ అనామకులకు పేర్లూ జీవితాలూ యిచ్చాయి. సుత్తితలవాడు మొమా నేడన్ అయ్యాడు. తన జాతి వెలివేస్తే యెడారికి వచ్చి మొక్కలు పెంచుకునే పూజారి అయ్యాడు. తెరమీద రెప్పపాటు కనిపించినవాడికి కూడా వొక చరిత్ర వుండాలని పాఠకులు కోరుకున్నారు. ఇది నిస్సందేహంగా ప్రజాస్వామికమైన కోరిక. దీన్ని నేను గౌరవిస్తాను.

అందుకే వొకరోజు నా సుత్తితలవాణ్ణి తుడుస్తూ సిగ్గుపడ్డాను. కాలి వెనక సన్నని అక్షరాలున్నాయి. జి.ఎం.ఎఫ్.జి.ఐ. అంటే జనరల్ మిల్స్ బొమ్మల శాఖ, అది హక్కుదారు పేరు. దానికింద హాంకాంగ్ అని వుంది. అది తయారైన చోటు. తయారుచేసిన మనిషి గుర్తు యెక్కడా లేదు.

ఉక్కు అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ను యెక్కించి, చల్లారాక అంచులు కోసి, చేతులూ కాళ్లూ తగిలించి, లోహపు తొడుగు అడ్డంపెట్టి రంగుకొట్టాలి. యంత్రం చేసేది కొంత, మిగిలింది చేతిపని. 1970లలో హాంకాంగ్ ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మల యెగుమతి కేంద్రాల్లో వొకటి. ఆ ప్లాస్టిక్ కార్ఖానాల్లో స్త్రీలు పెద్దసంఖ్యలో పనిచేశారు. కొంతపని యిళ్లకు కూడా వెళ్లేది. అక్కడ కూలి పెరిగాక, 1980లలో పరిశ్రమ చైనాలోని గ్వాంగ్‌డంగ్‌కు తరలింది. థాయిలాండులో 1993 మే 10న కేడర్ బొమ్మల కార్ఖానా తగలబడి 188 మంది చనిపోయారు. ఎక్కువమంది పడుచుస్త్రీలే. కొన్ని తలుపులు తాళం వేసి వున్నాయి. అక్కడ చేసినవి నా బీరువాలోని బొమ్మలు కావు, కాని పరిశ్రమ అదే, పద్ధతి అదే, కొనేది అవే దేశాల దుకాణాలు.

సేకర్తలకు యీ కాలి అక్షరాలు తెలియవా? బాగా తెలుసు. హాంకాంగ్ ముద్ర, తైవాన్ ముద్ర, చైనా ముద్ర, చెరిపేసిన ముద్ర అని విడదీసి పట్టికలు వేస్తారు. రంగు ఛాయను బట్టి యే కార్ఖానాదో వాదిస్తారు. ఇంత పరిశోధనా ధర నిర్ణయించడానికే వుపయోగపడుతున్నది. కార్మికుల జాడ వాళ్లకు బొమ్మ రకాన్ని తెలిపే గుర్తుగా మిగిలింది. మనుషుల మధ్య వుండే సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనిపిస్తుందని మార్క్స్ 1867లో చెప్పింది దీన్ని గురించే.

ఇది అమెరికావాళ్ల జబ్బని మనం మురవనక్కరలేదు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారని మనందరికీ తెలుసు. మన యింట్లో వున్న బొమ్మను చెక్కినవాడి పేరు మనలో యెంతమందికి తెలుసు?

మా చరిత్రాధ్యాపకులకు నేను చెప్పగలిగేది యింతే. బొమ్మల్ని నేను పారెయ్యను. చిన్నపాత్రకూ చరిత్ర వుందని నమ్మి వాటిని దాచుకున్నాను, ఆ నమ్మకం తప్పు కాదు. దాన్ని తెరమీది పాత్రల దగ్గరే ఆపడం తప్పు. రంగు ఛాయలమీద పెట్టే ఓపికలో నాలుగోవంతు పెడితే, ఆ కార్ఖానాల్లో పనిచేసి యింకా బతికివున్నవాళ్ల మాటలు రాసిపెట్టవచ్చు. హాంకాంగ్ దూరం, కొండపల్లి దూరం కాదు. వచ్చే సెలవుల్లో యిద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, చెక్కేవాళ్లనీ రంగులువేసేవాళ్లనీ పేరుపేరునా అడిగి రాసుకురావాలనుకుంటున్నాను. మా చరిత్రాధ్యాపకులను కూడా రమ్మన్నాను.