చంద్రునిపై దిగుట – నిజమైన ఆపదలు, ఆటలలోని గుర్తులు

1969 జూలై మొదటి వారములో అమెరికాలోని హ్యూస్టన్ నియంత్రణ కేంద్రమునందు ఒక అభ్యాసము జరిగినది. నౌక ఏదియు ఎగురలేదు. చంద్రునిపై దిగుటను కంప్యూటర్లు అనుకరించుచుండగా, అది నిజమే అన్నట్లు అధికారులు తమ తమ బల్లల వద్ద కూర్చుండి చూచుచుండిరి. అభ్యాసమును నడపు రిచర్డ్ కూస్ మధ్యలో ఒక చిక్కు పెట్టెను. నౌకలోని కంప్యూటర్ '1201' అను హెచ్చరిక చూపినది. ఆ అంకెకు అర్థమేమో అక్కడ ఎవరికిని వెంటనే తోచలేదు. మార్గదర్శక విభాగమును చూచుచున్న స్టీవ్ బేల్స్, 26 ఏండ్ల యువకుడు, దిగుటను విరమింపవలెనని చెప్పెను. విరమించిరి. ఆ హెచ్చరికతో విరమింపనవసరము లేదని తరువాత కూస్ తేల్చి చెప్పెను. విమాన సంచాలకుడగు జీన్ క్రాంజ్ ఇది విని, ఇట్టి హెచ్చరికలన్నిటికిని అర్థములు వ్రాసి పెట్టవలసినదని ఆజ్ఞాపించెను. జాక్ గార్మన్ అను 24 ఏండ్ల ఇంజనీరు చేతివ్రాతతో ఆ పట్టిక తయారు చేసి, తన బల్లపై అద్దము క్రింద దాచుకొనెను.

జూలై 20వ తేదీన (భారత కాలమానము ప్రకారము 21వ తేదీ తెల్లవారుజామున) ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లతో అపోలో-11 వారి 'ఈగల్' నౌక చంద్రుని వైపు దిగుచుండెను. ఎత్తు 30,000 అడుగులకు కొంచెము పైన ఉండగా నౌకలోని కంప్యూటర్ '1202' అని చూపినది. ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి అర్థము చెప్పుమని అడిగెను. గార్మన్ పట్టిక చూచి బేల్స్‌కు చెప్పెను. దిగవచ్చునని బేల్స్ క్రాంజ్‌కు చెప్పెను. కొన్ని సెకనులలో సమాధానము చంద్రుని చేరినది. హెచ్చరిక మరల మరల వచ్చెను, ఒకసారి 1201 కూడ వచ్చెను. ఆ అభ్యాసము జరుగక యుండిన యెడల బేల్స్ ఆనాడు ఏమి చెప్పి యుండునో ఊహింపవచ్చును.

ఇంతకును ఆ యంత్రమునకు కలిగిన ఇబ్బంది ఏమి? దాని స్మృతి మిక్కిలి చిన్నది. మార్చుటకు వీలులేని భాగములో 36,864 పదములు, మార్చదగిన భాగములో 2,048 పదములు మాత్రమే పట్టును. ఒక్కొక్క పదము 15 బిట్లు. దిగునపుడు పని లేని వేరొక రాడారు, అనగా మాతృనౌకను కలసికొనుటకు ఉద్దేశించిన రాడారు, పనిచేయు స్థితిలోనే ఉండెను. దానికి అందు విద్యుత్తును కంప్యూటర్‌కు అందు విద్యుత్తును లయలో కలియలేదు. అందుచేత రాడారు తిరుగకున్నను తిరిగినట్లు సంకేతములు వచ్చి పడుచుండెను. వాటిని లెక్కించుటలోనే యంత్రము యొక్క కాలములో సుమారు 13 శాతము పోయినది. ఒక పని ముగియక ముందే మరియొక పని వచ్చి చేరగా, పనులకు స్థలము చాలలేదు. 1202 అనగా అదియే.

యంత్రము అప్పుడు ఆగిపోలేదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున దీనిని రూపొందించినవారు పనులకు ముందు వెనుకల క్రమము నిర్ణయించియుండిరి. స్థలము చాలనపుడు యంత్రము అన్నిటిని విడిచి, ముఖ్యమైన వాటిని మాత్రమే తిరిగి ఆరంభించును. పెండ్లి వంటశాలలో పొయ్యిలు చాలనపుడు వంటవాడు బూరెల మూకుడు దింపివేసి, అన్నము, పప్పు ఆగకుండ చూచుకొనును గదా! ఈగల్‌లో జరిగినదియు అట్టిదే. నౌకను నడపు పని ఆగలేదు. అంకెలు చూపు పని మాత్రము కాసేపు వెనుకబడినది.

ఇది గాక వేరొక చిక్కు కలదు. మాతృనౌక నుండి విడివడునపుడు రెండింటి మధ్య గల సొరంగములో కొంచెము గాలి మిగిలి, ఈగల్‌ను స్వల్పముగా నెట్టినది. ఆ స్వల్పమైన తోపు వలన నౌక అనుకొన్న చోటు దాటి సుమారు 6 కిలోమీటర్లు ముందుకు పోయినది. అచట ఒక పెద్ద గుంట, దాని చుట్టును బండరాళ్ళు. ఆర్మ్‌స్ట్రాంగ్ నియంత్రణను తన చేతిలోనికి తీసికొని, రాళ్ళు దాటించి నౌకను దింపెను. ఇంధనము 60 సెకనులకు, తరువాత 30 సెకనులకు మాత్రమే ఉన్నదని భూమి నుండి చెప్పుచుండిరి. తొట్టిలో ఇంధనము అలలాడుట చేత సూచిక దీపము వెలుగవలసిన దానికంటె ముందుగా వెలిగినదని తరువాత తెలిసినది.

ఆ సంవత్సరము శరదృతువులో మసాచుసెట్స్ రాష్ట్రములోని లెక్సింగ్టన్ ఉన్నత పాఠశాల విద్యార్థి జిమ్ స్టోరర్ ఈ దిగుటను ఒక ఆటగా వ్రాసెను. పాఠశాలకు పీడీపీ-8 అను కంప్యూటర్ అందుబాటులో ఉండెను. దానికి తెర లేదు; టెలిప్రింటర్ కాగితముపై అంకెలు అచ్చగును. స్వయముగా నడుపుట అవసరమని నియంత్రణ కేంద్రము చంద్రనౌకకు తెలుపుటతో ఆట ఆరంభమగును. ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను చేతిలోనికి తీసికొనినది అప్పటికి కొన్ని నెలల క్రిందటి సంగతి మాత్రమే.

ఆట లెక్క తరగతి గదిలో చేసి చూడదగినది. నౌక 120 మైళ్ళ ఎత్తులో సెకనుకు 1 మైలు వేగముతో పడుచుండును. చంద్రుని ఆకర్షణ వలన కలుగు త్వరణమును స్టోరర్ సెకను వర్గమునకు 0.001 మైలుగా తీసికొనెను. అది సుమారు 1.6 మీటర్లు, అనగా వాస్తవమునకు చాల దగ్గర. ఇంజను వెలిగింపనియెడల, 120 = t + 0.0005t² అను సమీకరణము ప్రకారము సుమారు 114 సెకనులలో నౌక నేలను ఢీకొనును. ఇంధనము 16,000 పౌనులు. ప్రతి 10 సెకనులకు ఒకసారి, సెకనుకు ఎన్ని పౌనులు మండించవలెనో ఆటగాడు చెప్పవలెను, గరిష్ఠము 200. మొదటి నుండి గరిష్ఠముగా మండించిన యెడల 80 సెకనులలో ఇంధనమంతయు అయిపోవును. అప్పటికి నౌక తిరిగి పైకి లేచుచుండును, తరువాత మరల పడిపోవును! ఆలస్యముగా మండించుటలోనే నేర్పు కలదు, ప్రమాదమును కలదు. ఇంధనము తరుగుకొలది నౌక బరువు తగ్గును గనుక స్టోరర్ సియల్కోవ్‌స్కీ రాకెట్టు సమీకరణమును ప్రయోగించి, దానిలోని లాగరిథమును శ్రేణిగా విస్తరించెను. పాఠశాల విద్యార్థికి ఇది సామాన్యమైన పని కాదు.

ఈ ఆటను పలువురు మార్చి వ్రాసిరి. బేసిక్ భాషలోని ఒక ప్రతిలో, నౌకలోని కంప్యూటర్ చెడిపోయినదనియు, అది జిరాక్స్ వారు తయారు చేసినదనియు హాస్యముగా వ్రాసిరి. 1973లో జాక్ బర్నెస్ డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ వారి జీటీ-40 తెరపై, కాంతి కలముతో ఆడు ఆటగా దీనిని రూపొందించెను. దానిలో ఒక రహస్యము కలదు. తగిన చోట దిగినచో చంద్రునిపై ఒక మెక్‌డొనాల్డ్స్ ఫలహారశాల కనబడును. వ్యోమగామి నడచి వెళ్ళి తిండి కొనుక్కొని వచ్చును. నౌక దానిమీదనే కూలినచో ఫలహారశాల నాశనమగును. ఆలయ శిల్పి ఎవరూ చూడని మూలలో ఒక చిన్న బొమ్మ చెక్కిపోయినట్లు, ఆటలు వ్రాయువారికి ఇట్లు గుర్తులు దాచుట అలవాటైనది. వీటిని 'ఈస్టర్ గుడ్లు' అందురు. 1979లో అటారీ సంస్థ నాణెము వేసి ఆడు ప్రతిని విడుదల చేసినది. మరియొక నాణెము వేసినచో మరికొంత ఇంధనము లభించును. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఆ సదుపాయము లేదు.

మెక్సికోకు చెందిన స్క్వాడ్ సంస్థ 2011లో మొదట వెలువరించిన 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' అను ఆటలో పచ్చని చిన్న మనుష్యులు రాకెట్లు నిర్మింతురు. అవి ఎక్కువగా ప్రేలును. ఆ ఆటలోని చంద్రునిపై ఒక చోట, 2012 ఆగస్టు 25న మరణించిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్మారకము కలదు. అపోలో నౌక చంద్రునిపై విడిచి వచ్చిన క్రింది భాగము వలె అది యుండును. వెదకిన వారికే అది కనబడును.

అదే ఆటలో బాప్ అను ఉపగ్రహముపై ఒక చచ్చిన సముద్రపు రాక్షసి పడియుండును. దాని వెనుక ఆట యొక్క సొంత ఆపద కలదు. తొలి రోజులలో నౌకలు అకారణముగా ముక్కలగుచుండెను. కంప్యూటర్ ప్రతి భాగము స్థానమును సుమారు ఏడు అంకెల వరకే సరిగా ఉంచుకొనును. నౌక ఆది బిందువు నుండి మిక్కిలి దూరము పోయినపుడు, ప్రక్క ప్రక్కనున్న రెండు భాగముల స్థానములలో చివరి అంకెలు పోయి, అవి ఎడబడినట్లు యంత్రమునకు తోచును. అది వాటిని బలముగా లాగును, నౌక చీలిపోవును. ఆటగాండ్రు ఈ అదృశ్య శత్రువునకు 'క్రాకెన్' అని పేరు పెట్టిరి. తుదకు నౌకనే ఆది బిందువు వద్ద ఉంచి, తక్కిన విశ్వమును దాని చుట్టు జరుపుట ద్వారా చిక్కు చాలవరకు తీరినది. బాప్‌పై ఉన్న కళేబరము ఆ క్రాకెన్‌దే.

అంకెలు ఇమడకపోవుట ఆటలకే పరిమితము కాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్-5 మొదటి రాకెట్టు, లేచిన సుమారు 40 సెకనులలో ధ్వంసమైనది. ఏరియన్-4 నుండి యథాతథముగా తీసికొన్న కార్యక్రమము, అడ్డు వేగమునకు సంబంధించిన ఒక పెద్ద సంఖ్యను 16 బిట్లలో ఇముడ్చబోయి విఫలమైనది. ఏరియన్-4 వేగములకు ఆ స్థలము చాలెడిది.

స్టోరర్ ఆటలోను ఒక తప్పు 55 సంవత్సరములు దాగియుండెను. 2024లో మార్టిన్ సి. మార్టిన్ అను కంప్యూటర్ నిపుణుడు ఇంధనము అత్యల్పముగా ఖర్చగు దిగుటను ఆ ఆటలో సాధింపజూచెను. గణితము ప్రకారము రావలసిన ఫలితము రాలేదు. కారణము వెదకగా, నౌక పడుట ఆగి పైకి లేచు క్షణమును కనుగొను సూత్రములో తప్పు బయటపడినది. వర్గమూలము లోపల V/2Z ఉండవలసినచోట V/Z ఉన్నది (V పడు వేగము, Z ఇంజను నుండి వెడలు వాయువు వేగము). హారము పెద్దదగుటచే ఆ క్షణము అసలు కంటె కొంచెము ముందుగా వచ్చినట్లు లెక్క తేలును. శ్రేణిలో మొదటి రెండు పదములు మాత్రము తీసికొని వేగమును సున్నకు సమానము చేసి, వచ్చు వర్గ సమీకరణమును సాధించిన విద్యార్థి ఎవరైనను ఆ 2 ఎచట జారిపోయినదో చూడగలడు.