కుదురు తప్పిన కొయ్య

గాలి నిండుగా ఉన్నంతసేపూ ఆ చప్పుడు వినపడదు. తెరచాప ఉబ్బి కొయ్యను ఒక పక్కకే అదిమి పట్టి ఉంచుతుంది. పొద్దుగూకి, గాలి పడిపోయి, లంగరు వేసి, కళాసులు నడుం వాల్చాక మొదలవుతుంది. అల వచ్చి పడవను ఎడమకు ఒరగేస్తే ఒక టక్కు. కుడికి ఒరగేస్తే ఇంకో టక్కు. వదులైన మంచంకోడు చేసే చప్పుడు లాంటిదే. కొత్తవాడు దుప్పటి ముసుగేసుకుంటాడు. ముదిరిన సరంగు లేచి కూర్చుంటాడు.

దీపం పట్టుకుని పడవ అడుగుకి దిగుతాడు. కొయ్య మొదలూ, అది కూర్చున్న అడుగుదూలమూ కలిసే చోట వేలు అడ్డంగా ఆనిస్తాడు. సగం వేలు కొయ్య మీద, సగం దూలం మీద. పడవ ఒరిగినప్పుడల్లా ఆ రెండు సగాల కింద చెక్క వేరువేరుగా కదిలిందా, జబ్బు దొరికినట్టే. కదలిక వెంట్రుకవాసే కావచ్చు. కానీ కొయ్య కుదురు తప్పింది.

కుదురు అన్న మాట తెలుగువాడు అలవోకగా కనిపెట్టింది కాదు. గుండ్రటి కుండ దొర్లకుండా కింద పెట్టేది కుదురు. చెట్టు మొదట్లో నీళ్లు నిలిపేదీ కుదురే. మనిషి నిలకడగా ఉంటే కుదురుగా ఉన్నాడంటాం. పైకి కనపడని ఆధారానికే ఆ పేరు.

1962లో లండన్‌లో, థేమ్స్ నది బురదలో, బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర రోమనుల కాలపు పడవ ఒకటి బయటపడింది. కొయ్య నిలబెట్టే తొర్రలో డొమీషియన్ చక్రవర్తి నాణెం ఒకటి ఉంది. దాని మీద చుక్కాని పట్టుకున్న అదృష్టదేవత. మనం శంకుస్థాపనలో నాణేలు వేసినట్టే, ఎవరో వడ్రంగి కొయ్య దించే ముందు దాన్ని అక్కడ పెట్టాడు. ఆ పడవ తిరిగిన క్రీస్తు శకం రెండో శతాబ్దంలోనే ఇక్కడ తెలుగునేల మీద శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి ఏలుబడిలో సీసపు నాణేలు పోశారు. వాటి మీద రెండు కొయ్యల ఓడ ఉంది. అక్కడ కొయ్య కింద నాణెం, ఇక్కడ నాణెం మీద కొయ్య.

అప్పటికి మన కృష్ణా తీరం మామూలు తీరం కాదు. గ్రీకు భూగోళకారుడు టోలెమీ మైసోలియా అని రాసుకున్నది ఈ సీమనే. దివిసీమ పక్కనే ఉన్న ఘంటసాలలో దొరికిన శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. గుడివాడ దిబ్బ మీద శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. ఇప్పుడా దిబ్బ నుంచి చూస్తే కనుచూపు మేరలో సముద్రం లేదు, వరిచేలు తప్ప.

తరవాత చాలాకాలానికి బందరు వచ్చింది. గోల్కొండ కుతుబ్ షాహీల రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబు అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు వచ్చి దిగారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఇప్పటికీ వాళ్ల విడిదిళ్ల గుర్తులు. ఇక్కడి అద్దకపు గుడ్డ ఎక్కని ఓడ లేదు. పెగూ, ఆచె, పారశీకం, ఎర్రసముద్రం మీది మోఖా దాకా వెళ్లేది. 1652లో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, ఈ సముద్రం మీద ఇంతకన్న మంచి లంగరు చోటు లేదన్నట్టు రాశాడు.

అప్పట్లో ఓడ బాగుచేయాలంటే నర్సాపురం వెళ్లాలి. ఏజెన్సీ కలప గోదావరి మీద తేలి అక్కడికే వచ్చేది. పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టే చోటూ, మరమ్మతు చేసే చోటూ అదే. అక్కడి పని ఎలా సాగి ఉంటుందో చెక్క తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చప్పుడు చేసే కొయ్యకి మూడు రకాల వైద్యముంది.

మొదటిది సోమరి వైద్యం. కొయ్యను పైన పట్టి ఉంచే మోకులు ఇంకాస్త బిగించడం. చప్పుడు ఆ పూటకి ఆగుతుంది. కానీ మోకు ఎంత బిగిస్తే కొయ్య అంత బరువుగా కిందికి దిగుతుంది. మెత్తబడిన దూలాన్ని ఇంకా తొలుస్తుంది. రెండోది తొందర వైద్యం. సందులో చెక్క చీల ఒకటి పెట్టి సుత్తితో దిగ్గొట్టడం. ఒక పక్కే కొడితే కొయ్య రెండో పక్కకి ఒరుగుతుంది, చప్పుడు చోటు మారుతుంది. మూడోదే అసలు వైద్యం, ఎవరికీ ఇష్టం లేనిది. కొయ్యను పూర్తిగా పైకి లేపాలి.

లేపాక తొర్రలో చూస్తే కథంతా అక్కడే ఉంటుంది. వాననీరు కొయ్య వెంబడి జారి, బయటికి దారి లేక అక్కడే మురిగి ఉంటుంది. ఉలి మొన పెట్టి నొక్కితే మంచి చెక్క ఎదురు తిరుగుతుంది, పుచ్చు చెక్క రొట్టెలా దిగిపోతుంది. ఎంత లోతు దిగితే అంత మేరా చెక్కేయాలి. ఇంకొంచెం ఉంచుదామని చెయ్యి ఆపకూడదు. ఖాళీలో గట్టి టేకు ముక్క అతికి, గుగ్గిలం నూనెతో కలిపి పూసి, కొయ్య కుసి ఎటూ ఆడకుండా తొర్రను కొత్తగా తొలవాలి. అడుగున నీరు పోయే బెజ్జం పెట్టాలి. అప్పుడు కొయ్య దించి, నాలుగు పక్కలా చీలలు వంతులవారీగా బిగించాలి. మోకుల పని ఆఖర్న.

బందరుకి ఆ మూడో వైద్యం ఎవరూ చెయ్యలేదు.

బందరు సముద్రం మీద నిలబడిన రేవు అనుకుంటాం. కాదు. అక్కడ లోతు ఎప్పుడూ తక్కువే. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో ఆగితే, సరుకు చిన్న పడవల మీద మోసేవారు. బందరు అనే కొయ్య నిలబడింది గోల్కొండ దాకా పోయే బాట మీద, ఊళ్లలో మగ్గాల మీద, అద్దకం చేసే చేతుల మీద. కుదురంతా మెరక మీదే ఉంది.

మొదటి టక్కు 1641లో వినపడింది. ఇంగ్లీషువాళ్లు ఈ తీరపు పెద్ద కచేరీని బందరు నుంచి చెన్నపట్నానికి మార్చేశారు. అప్పటికి గాలి బాగుంది. గోల్కొండ కళకళలాడుతోంది. తావెర్నియే వచ్చింది ఆ తరవాతే. చప్పుడు ఎవరికి వినపడుతుంది? 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. కొయ్య కింద దూలమే పోయింది. ఆ తరవాత కొయ్య పడలేదు, నిలబడనూ లేదు. ఒకరు పీకి ఇంకొకరు పాతుతూ వచ్చారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కున్నాడు. అది కూడా మోకులు బిగించిన వైద్యమే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ముప్ఫై వేల మంది పోయారని లెక్క. బందరులో ఇప్పటికీ ముసలమ్మలు ఉప్పెన అన్న మాట గొంతు తగ్గించి అంటారు.

అప్పటికే మెరక మీద ఇంకో దారి పడింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారాయి, వాటి మీద పడవలు నడిచాయి. కాలువ పడవకీ తెరచాప ఉండేది. కానీ వంతెన వచ్చిన చోటల్లా కొయ్య వంచక తప్పదు. సముద్రం మీద నిటారుగా నిలిచిన కొయ్య మొదటిసారి తల వంచడం అక్కడ నేర్చుకుంది. 1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకి రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి ఇంకో పట్టా పడింది. ఓడలు బళ్లవుతాయన్న సామెత లోకానికి సామెతే. బందరుకి అది చరిత్ర.

దివిసీమ సంగతి వేరు. అక్కడ పల్లెకారుల పడవల్లో చిన్న కొయ్యలు ఇంకా మిగిలాయి. 1977 నవంబరు 19న నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ల మీదికి సముద్రం లేచి వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగానే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేలు. ఆ రోజు కుదురుగా ఉన్న పడవా మిగల్లేదు, కుదురు తప్పిందీ మిగల్లేదు. ఇక్కడ నా పోలిక ఆగిపోతుంది. వేలు పెట్టి చూసుకోలేదని ఆ మనుషుల్ని అనగల నోరు ఎవరికీ లేదు.

ఇప్పుడు బందరు పక్కన గిలకలదిండి చేపల రేవులో ఇంజన్ బోట్లు బారులు తీరి ఉంటాయి. జెండాకర్ర ఉంటుంది, తెరచాప ఎత్తే కొయ్య ఉండదు. డీజిల్ ఇంజన్ మోతలో అడుగున ఏ చెక్క ఏమంటుందో వినపడదు.

బందరు అంటే పారశీకంలో రేవు. రేవు పోయింది, మాట మిగిలింది, కొయ్య పీకేసిన పడవలో తొర్ర మిగిలినట్టు. ఆ తొర్రలో కొత్త కొయ్య దించుతామని, అంటే కొత్త రేవు కడతామని, 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో తపసిపూడి దగ్గర ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు సముద్రంలో రాళ్లు పోసి గోడ కట్టారు, లోతు తవ్వుతున్నారు. మంచిదే. కానీ బందరుకి తక్కువైంది లోతు ఒక్కటే అయితే, ఆ లోతు లేని రోజుల్లోనే లోకమంతా ఇక్కడికెందుకు వచ్చింది? మెరక మీద మగ్గం, పొలం, బాట ఎలా ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

తొర్రలో నాణేలు మూడుసార్లు వేశాం. ఇక ఉలి పెట్టి, తడి ఎంత లోతు దిగిందో చూసేవాళ్లు కావాలి.