మన నీడే మనకు అడ్డం

ఇంట్లో రోజూ కత్తి పట్టుకుని పనిచేసే గది ఏదంటే వంటిల్లే. కాని దీపాల పంపకంలో ఆఖరి వంతు దానిదే! హాలుకు వేలాడే దీపాల గుత్తి, పడగ్గదికి రంగు బెడ్‌లైటు, వంటింటికి మాత్రం నడినెత్తిన ఒకే ఒక్క దీపం. అది వీపు వెనకనుంచి వెలుగుతుంటే, గట్టు ముందు నిలబడ్డ ఇల్లాలి నీడ సరిగ్గా ఆవిడ తరిగే వంకాయ మీదే పడుతుంది. పుచ్చు కనిపించదు. వేలు తెగితే మాత్రం, "కాస్త చూసుకుని తరగకూడదూ?" అనే మాట వినిపిస్తుంది.

మన అమ్మమ్మలు కత్తిపీట వేసుకుని నేలమీద కూర్చుని తరిగేవారు. వెలుగు చాలకపోతే పీట పెరటి గుమ్మం దగ్గరికి జరిగేది. చీకటిపడితే ఆముదపు దీపమో, కిరసనాయిలు బుడ్డో పక్కకు వచ్చేది. దాని వెలుగు తక్కువ, మసి ఎక్కువ. అయినా కావలసిన చోటికి జరుపుకునే వీలుండేది. కరెంటు వచ్చాక వెలుగు పెరిగింది గాని, దీపం కప్పుకు అతుక్కుపోయింది. గట్టు వచ్చాక మనం లేచి గోడవైపు తిరిగాం, దీపం వెనకపడింది!

ఈ చిక్కును చాలా ముందే పట్టించుకున్నది ఒక స్త్రీ. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కట్టే ఇళ్లకోసం ఒక వంటగది గీసింది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు సుమారు మూడున్నర. రైలు భోజనశాలల్లోని ఇరుకు వంటగదులు ఆవిడకు ఒక నమూనా. తరిగే బల్లను కిటికీ కిందే పెట్టి, కూర్చోవటానికి తిరిగే స్టూలు ఇచ్చింది. కప్పు దీపాన్ని మాత్రం ఒక పట్టా మీద అటూ ఇటూ జరిగేట్టు అమర్చింది. పని ఎక్కడో దీపం అక్కడికే! అలాంటి వంటగదులు దాదాపు 10,000 కట్టారట. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తను ఎన్నడూ వంట చెయ్యలేదని ఆవిడే తరవాత చెప్పుకుంది.

1938లో అమెరికాలో ట్యూబులైటు అమ్మకానికి వచ్చింది. బల్బంత వేడెక్కదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. గోడ అలమరల అడుగున దాన్ని బిగించి, కంట్లో పడకుండా ముందు చిన్న చెక్కపట్టీ అడ్డం పెట్టేవారు. దీపం మన వెనకనుంచి ముందుకు వచ్చిందన్నమాట. అయితే ఆ తెల్లటి వెలుగులో టమాటాలు కాస్త పాలిపోయినట్టు కనిపించేవి.

ఇప్పటి ఎల్‌ఈడీ కథ 1962లో నిక్ హోలోన్యాక్ చేసిన ఎర్ర దీపంతో ఊపందుకుంది. తెల్లని వెలుగు రావాలంటే నీలి దీపం కావాలి. అది సాధించిన, జపాన్‌లో పుట్టిన ముగ్గురు, అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి దక్కింది. ఇవాళ అలమర అడుగున అంటించే సన్నపట్టీ ఆ నీలి దీపం పుణ్యమే సుమండీ!

పట్టీ కొనేముందు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. దాన్ని గోడ దగ్గర కాక అలమర ముందు అంచుకు దగ్గరగా బిగిస్తే గట్టంతా వెలుగు పడుతుంది. నున్నటి గ్రానైటు అద్దంలా చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది గనుక, పాలరంగు మూత ఉన్న అల్యూమినియం గాడిలో అమర్చాలి. వెలుగు రంగు 3000, 4000 కెల్విన్ల మధ్య ఉంటే కంటికి హాయి. రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే సీఆర్‌ఐ అంకె 90 దాటితే, పసుపు పసుపులానే, పచ్చిమిర్చి పచ్చిమిర్చిలానే కనిపిస్తాయి. కరెంటును తగ్గించి ఇచ్చే డ్రైవరు పెట్టెను పొయ్యి వేడికీ, సింకు తడికీ దూరంగా, గాలి తగిలేచోట పెట్టించండి. గోడకు టైల్సు వేయకముందే వైరు లాగించుకుంటే తరవాత పగలగొట్టే బాధ ఉండదు. బిగింపు పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

"వంటింట్లో ఒక్క పాయింటు చాలదుటమ్మా?" అని అతను అడిగితే వాదించకండి. రాత్రి ఏడింటికి ఓసారి గట్టు ముందు నిలబడి, ఒక ఉల్లిపాయ తరగమనండి. తన నీడ తనకే కనిపిస్తుంది.