సిపాయి సొంత మాట: రాయచూరు సీమ, రెండు మహాయుద్ధములు

ఉత్తర హిందూస్థానమున ఒకప్పుడు సిపాయిని "తిలంగా" అని పిలిచెడివారు. ఈస్టిండియా కంపెనీవారి తొలి సిపాయిలలో తెలుగుదేశమునుండి వచ్చినవారుండుటచే ఆ పేరు పుట్టినదని పెద్దలు చెప్పుదురు. పిమ్మట ఆ పటాలములు అవధు, బీహారు ప్రాంతముల వారితో నిండినను పేరు మాత్రము చాలకాలము నిలిచెను. ఒక జాతి పేరే ఒక వృత్తికి పేరైనది. దీనిని గర్వకారణముగా సభలలో చెప్పుకొనుట కద్దు. గర్వింపదగినదే. కాని ఆ తిలంగా తన నోట తాను ఏమి చెప్పెను? యుద్ధములో ఏమి చూచెను? ఏమి తినెను? దేనికి జంకెను? ఇంటికి ఏమని వ్రాసెను? వీరగాథలు మనకు కొదువ లేవు. అయితే వీరుని గూర్చి ఇతరులు పాడిన పాట వేరు, యుద్ధము నుండి తిరిగివచ్చినవాడు అరుగుమీద కూర్చుండి చెప్పిన మాట వేరు. ఈ రెండవదానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు సీమకును సైన్యమునకును గల ముడి పాతది. 1853లో నిజాము ప్రభుత్వము హైదరాబాదు కంటింజెంటు అను సైన్యపు ఖర్చుల నిమిత్తము బేరారు, ధారాశివములతో పాటు రాయచూరు అంతర్వేదిని కంపెనీవారికి అప్పగించెను. 1860లో రాయచూరును ధారాశివమును మరల నిజామునకు దక్కెను. అనగా ఆ యేడేండ్లు మన రైతు కట్టిన శిస్తు ఒక సైన్యమునకు జీతమై పోయినది. ఆ కంటింజెంటు 1903లో బ్రిటిషు ఇండియా సైన్యములో కలిసిపోయెను. దాని పదాతి పటాలముల నుండియే పిమ్మట 19వ హైదరాబాదు రెజిమెంటు ఏర్పడెను. కాలక్రమమున అందు కుమావూను కొండలవారు, జాట్లు, అహీరులు మొదలగు ఉత్తరాదివారే ప్రధానులైరి. 1945లో దానికి కుమావూను రెజిమెంటు అని పేరు మార్చిరి. హైదరాబాదు అను పేరు చూచి, అందలి వారందరును మన ప్రాంతపువారే అనుకొనరాదు. పేరు ఒకరిది, శిస్తు ఒకరిది, ప్రాణము ఒకరిది.

మొదటి మహాయుద్ధములో ఇట్టిదే మరియొక సంగతి జరిగినది. బ్రిటిషు విమానదళములో 110వ స్క్వాడ్రనుకు కావలసిన విమానములకై నిజాము ధనమిచ్చెను. అందుచే అది "హైదరాబాదు స్క్వాడ్రను" అయ్యెను. డి.హెచ్. 9-ఎ అను క్రొత్తరకపు విమానములతో 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జర్మను పట్టణములపై పగటివేళ బాంబులు వేసెను. ఆ విమానములపై నిజాముగారి కానుక అని, హైదరాబాదు అని, అంకెతో సహా వ్రాయించిరి. వానిలో 12-ఎ అను గుర్తు గలది 1918 అక్టోబరు 5వ తేదీన శత్రుభూమిపై దిగవలసి వచ్చెను. అందున్న కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బాడ్లీ అనువారు చెఱపడిరి. విమానము బెర్లిను ప్రదర్శనశాలకు, అటుపిమ్మట పోలండునకు పోయి, 1977లో ఇంగ్లండు చేరెను. లండనులోని హెండను విమాన ప్రదర్శనశాలలో దానిని నేటికిని చూడవచ్చును. దానిపై మన పాత రాజ్యపు పేరున్నది. నడిపినవారి పేర్లు గ్రంథములలో నున్నవి. దాని వెలకు ఖజానా నింపిన పల్లెల పేర్లు మాత్రము ఏ పలకమీదను లేవు.

ఆ యుద్ధములోనే హైదరాబాదు సంస్థానపు ఆశ్వికదళము మైసూరు, జోధ్‌పూరు దళములతో ఒకే బ్రిగేడుగా కూడి ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేసెను. న్యూఢిల్లీలోని తీన్‌మూర్తి వద్ద నిలిచిన మూడు విగ్రహములు ఈ మూడు సంస్థానముల రౌతులవే. విగ్రహము గొప్పదే. కాని అది మాటలాడదు.

మరి మాటలాడునది ఏది? ఉత్తరము. 1914లో మన దేశపు సైనికులు ఫ్రాన్సు చేరగానే వారి ఉత్తరములను చదివి పరీక్షించుటకు ప్రభుత్వము ప్రత్యేకముగా ఒక కార్యాలయము నేర్పరచెను. అచ్చట ఉత్తరములలోని ముఖ్యభాగములను ఇంగ్లీషులోనికి మార్చి నివేదికలుగా కూర్చిరి. శత్రుభయముచే, రాజద్రోహభయముచే చేసిన ఈ పనియే ఇప్పుడు చరిత్రకు పెన్నిధియైనది. డేవిడ్ ఒమిస్సీ అను పండితుడు వానినుండి కొన్నింటిని ఏర్చి 1999లో గ్రంథముగా ప్రకటించెను. అందు పంజాబు మొదలగు ఉత్తరపు సీమలవారి ఉత్తరములే మిక్కిలి. పరీక్షాధికారి కన్నుగప్పుటకు సైనికులు పన్నిన ఉపాయములు చూడదగినవి. భారతీయ సైనికులను మిరియములనియు, తెల్ల సైనికులను ఎఱ్ఱ మిరపకాయలనియు సంకేతించి, ఏవి ఎంత ఖర్చయినవో, ఇంక ఎన్ని మిగిలినవో వ్రాసిరి. ఇంటివారికి అర్థమయ్యెను. పరీక్షాధికారికిని అర్థమయ్యెననుకొనుడు, లేనియెడల అవి మనకు దక్కెడివి కావు.

జీవితమంతయు కాగితముల నడుమ గడపిన గుమాస్తాను కనుక ఇచ్చట ఒక సంగతి మనవి చేసెదను. ఏ కాగితమునైనను చదువునపుడు అది ఎవరి చేతులమీదుగా వచ్చినదో మొదట చూడవలెను. ఆనాటి సిపాయిలలో పెక్కుమందికి వ్రాతరాదు. ఒకడు చెప్పగా మరియొకడు వ్రాసెను. దానిని పరీక్షాధికారి చదివెను. ఊరిలో చదువు వచ్చినవాడొకడు పదిమంది వినునట్లు చదివెను. ఇంతమంది వినెదరని తెలిసి చెప్పిన మాటలో మర్యాద ఉండును, మఱుగు ఉండును. అంతమాత్రమున అది అబద్ధము కాదు. తల్లికి కుశలమని వ్రాసి, పొలము సంగతి, ఎద్దుల సంగతి నాలుగుసార్లు అడిగినవాని మనస్సు ఎచ్చట నున్నదో వేరుగ చెప్పవలెనా?

రెండవ మహాయుద్ధములో మరల హైదరాబాదు పేరు ఆకాశమున కెక్కెను. 152వ స్క్వాడ్రను, 253వ స్క్వాడ్రను అను రెండు యుద్ధవిమాన దళములు ఆ పేరు వహించెను. 152వ దాని చిహ్నము నిజాముగారి శిరోభూషణము. 1940లో అది స్పిట్‌ఫైరు విమానములతో ఇంగ్లండు దక్షిణతీరమును కాపాడెను. ఆ దళములో పోరాడిన రోజర్ హాల్ అనునతడు 1975లో తన అనుభవములను ప్రకటించెను. ఆ గ్రంథము పేరులోనే భయమను మాటను పెట్టెను. సర్కారు నివేదిక ఆనాడు ఎన్ని విమానములు కూలెనో చెప్పును. మఱునాడు ఉదయము మరల విమానమెక్కవలసినవాని గుండెదడ చెప్పదు. అది చెప్పవలసినవాడు వాడొక్కడే.

మన సంస్థానపు పదాతి పటాలమొకటి మలయాలోని కోటభారు విమానాశ్రయమును కాపాడుచుండగా, 1941 డిసెంబరు 7–8 తేదీల నడిరేయి జపాను సేనలు ఆ తీరమున దిగెను. పెర్ల్ హార్బరుపై బాంబులు పడుటకు కొంచెము ముందే ఆ రణము మొదలయ్యెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. అచ్చట చెఱపడినవారిలో వేలకొలది మంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. ఆ ఫౌజు నడిపిన నేతాజీతో 1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవునుండి జలాంతర్గామిలో తోడువచ్చిన ఒకే ఒక భారతీయుడు హైదరాబాదు నగరపువాడు, ఆబిద్ హసన్. స్వాతంత్ర్యానంతరము మన దేశపు రాయబారిగా పనిచేసిన ఈయన, ఇంఫాలు నుండి వెనుదిరిగిన ఫౌజువారిని గూర్చి "ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్" అను చిన్న పుస్తకము వ్రాసెను. గెలిచినవారి చరిత్రలో ఓడిపోయి నడచివచ్చినవారికి ఒక పంక్తి దొరకుటయే కష్టము. వారిలో ఒకడు వ్రాయుటచే వారు మనుష్యులుగా మనకు కనబడుచున్నారు.

ఇందలి వింత గమనింపుడు. ఆబిద్ హసన్ బర్మా సరిహద్దున ఫౌజు పక్షమున నుండగా, హైదరాబాదు పేరు గల 152వ స్క్వాడ్రను అదే రంగమునకు వచ్చి ఎదుటిపక్షమున పోరాడెను. హైదరాబాదు రెజిమెంటులోని 8వ పటాలమును అరకానులో నడిపిన కొడగువాసి తిమ్మయ్యగారు పిమ్మట మన సర్వసేనాని యైరి. వారి అన్నగారు సింగపూరులో చెఱపడి ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. ఒకే యింటివారు రెండు ప్రక్కల నిలిచిన ఆ కాలమును ఒక్క పక్షపు కాగితములతో తూచిన తూకము సరిపోదు.

ఇక మన యింటి సంగతికి వత్తము. తుంగభద్ర ఎడమకాలువ పారిన తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు కట్టుకొనిన తెలుగు కుటుంబములు అనేకములు. వారు విడిచివచ్చిన తీరమున, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్టణము పైనను కాకినాడ పైనను జపాను బాంబులు పడెను. రెండవ యుద్ధములో మద్రాసు రాజధాని నుండి సైన్యమునకు పోయినవారు మొదటి యుద్ధమున కంటె ఎన్నోరెట్లు అధికము. వారిలో పెక్కుమంది తుపాకి పట్టినవారు కారు. లారీలు నడిపినవారు, వంతెనలు కట్టినవారు, గాయపడినవారిని మోసినవారు, వంటవారు, గుమాస్తాలు. వీరకథలో వీరికి చోటు లేదు. అయినను లారీ రాకున్న సేన కదలదు, జీతపు పట్టీ లేకున్న ఇంటికి మనియార్డరు చేరదు. రంగూను వద్ద తౌక్యాను శ్మశానములోని స్మారకముపై, సమాధి యెచ్చటనో తెలియని సుమారు 27,000 మంది పేర్లు చెక్కియున్నవి. ఆ పేర్లకు వెనుక మాటలు ఎవరి యిండ్లలోనైనను మిగిలియుండవలెను.

మన జిల్లాకు మరియొక చిక్కు కలదు. నిజాము కాలపు కాగితములు ఉర్దూలో నున్నవి. సైన్యపు కాగితములు ఇంగ్లీషులో నున్నవి. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రములో చేరిన తరువాతి కాగితములు కన్నడములో నున్నవి. జ్ఞాపకము మాత్రము తెలుగులో నున్నది. తాత పెట్టెలోని కాగితము చదువలేని మనుమడు దానిని చిత్తుకాగితముల వానికి వేయుట నేను కన్నులార చూచితిని. వెండి పతకములు కంసాలి మూసలో కరగిపోయినవి. మొదటి యుద్ధపు పతకపు అంచుమీద సైనికుని అంకె, హోదా, పేరు, పటాలము చెక్కియుండునని తెలిసియున్న, అది కరగించువారు కొందరైనను ఆగియుందురు.

కావున సోదరులారా, ఎవరి యింటనైనను పాత సైనికపు కాగితము, పతకము, కార్డు ఉన్నయెడల దానిని పారవేయకుడు. చదువుట రాకున్న చదువగలవారికి చూపుడు. ఒక ప్రతి తీసి వేరుగా దాచుడు. పెద్దలు చెప్పిన కథలున్న వ్రాసియుంచుడు. వ్రాయునపుడు చెప్పినవారెవరు, ఎప్పుడు చెప్పిరి, తాము చూచినదా, వినినదా అని మొదట వ్రాయుడు. ఊరి పేరు తప్పుగా పలికినను వారు పలికినట్లే వ్రాయుడు. సరిదిద్దుట పిమ్మట చేయవచ్చును. ఎంతమందిని చంపితివని అడుగకుడు. ఏమి తింటివి, ఎచ్చట పండుకొంటివి, ఎవరు నీ ప్రక్కన నుండిరి అని అడుగుడు. మిగిలినది వారే చెప్పుదురు.

రెండు మహాయుద్ధముల వారు దాదాపు అందరును దాటిపోయిరి. కాని 1971 యుద్ధములో ఇరువదియేండ్లవాడు నేడు డెబ్బది దాటినవాడు. ఆయన మన క్యాంపులోనే, మన వీధిలోనే, సాయంకాలము రచ్చబండమీద కూర్చుండి యుండవచ్చును. ప్రతి సంవత్సరము మన సంచికలో అట్టివారిలో ఒక్కరి మాటకు నాలుగు పుటలు కేటాయించినను, పదియేండ్లలో ఒక గ్రంథమగును. ఉత్తరాదివారు మనవానికి తిలంగా అని పేరు పెట్టిరి. వాడు చెప్పిన మాటను దాచుట మాత్రము తెలుగువారి పని.