ఆసుపత్రి అపాయింట్‌మెంట్ వ్యవస్థ: ఆబ్జెక్ట్ పద్ధతిలో విశ్లేషణ, రూపకల్పన

ఏ రోగి, ఏ డాక్టరు దగ్గరకు, ఏ రోజు, ఏ వేళకు రావాలో రాసిపెట్టి నడిపించే ఏర్పాటే అపాయింట్‌మెంట్ వ్యవస్థ. ఒకప్పుడు అది ఓపీ కౌంటరులో ఒక లావుపాటి పుస్తకం, పక్కన టోకెన్లు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరే ఆ పని చేస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2015లో మొదలైంది. ఇంజనీరింగు, ఎంసీఏ చదివే మన పిల్లలకు ఇదే అంశం తరచు ప్రాజెక్టుగా వస్తుంటుంది. వాళ్ళకు పనికొస్తుందని, కౌంటరు ముందు నిలబడి అలసిపోయిన ఇంటి పెద్దలు కూడా ఇందులో ఒక మాట చెప్పగలరని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు మా తప్పు ఒకటి చెప్పాలి. మా సంఘం నడిపిన ఉచిత వైద్య శిబిరంలో ఒకే పేరు, ఒకే ఇనీషియలు ఉన్న పెద్దావిడలు ఇద్దరు వచ్చారు. మా పుస్తకంలో వరుస సంఖ్య, పేరు తప్ప మరో కాలమ్ లేదు. ఒకరి చీటీ ఇంకొకరికి వెళ్ళింది. షుగరు లేని ఆవిడ చేతిలో షుగరు మాత్రలు పడ్డాయి. గుమ్మం దగ్గర ఆవిడే చూసుకుని, "నాకు షుగరు లేదు కదయ్యా" అని వెనక్కి వచ్చారు కాబట్టి సరిపోయింది. రాసినవాళ్ళు జాగ్రత్తగానే రాశారు. పుస్తకం గీసిన తీరులోనే లోపం ఉంది. ప్రోగ్రాము రాసేముందు విశ్లేషణ, రూపకల్పన ఎందుకని అడిగేవారికి మేం ఇదే చెబుతాం. విశ్లేషణ అంటే అక్కడ నిజంగా ఏం జరుగుతోందో తెలుసుకోవడం. రూపకల్పన అంటే ఆ పనిని ఎవరెవరికి అప్పగించాలో నిర్ణయించడం.

ఆబ్జెక్ట్ పద్ధతికి మూలం నార్వేలో ఉంది. ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నూగార్ 1960లలో తయారుచేసిన సిమ్యులా భాషలో ఈ ఆలోచన మొదట కనబడింది. సమాచారాన్ని ఒకచోట, దానిమీద చేసే పనిని ఇంకోచోట ఉంచకుండా రెండింటినీ ఒకే వస్తువులో కలిపి ఉంచడం దీని సారం. ఒకే రకం వస్తువులన్నిటికీ ఉండే నమూనాను క్లాస్ అంటారు. ఈ నమూనాలను బొమ్మలుగా గీసే యూఎంఎల్ పద్ధతి 1997లో ప్రమాణంగా ఖరారైంది.

బొమ్మల కంటే ముందు 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ ఇంకా తేలికైన ఉపాయం చెప్పారు. ఒక్కో క్లాసుకు ఒక అట్టకార్డు తీసుకోవాలి. పైన పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది ఎవరి సాయం అడుగుతుందో రాయాలి. ఫైళ్ళ మధ్య ఉద్యోగం చేసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఏ సీటుకు ఏ పని, ఏ ఫైలు ఎవరి దగ్గరకు పోవాలి అన్నదే ఇక్కడా లెక్క.

మొదటి కార్డు రోగి. అన్నిటికంటే చిక్కు ఇక్కడే. ఇంటిపేరు, సొంత పేరు అని రెండు గళ్ళు గీసి వదిలేస్తే మనవాళ్ళకు సరిపోదు. మన ఇంట్లో బొడ్డు వెంకటలక్ష్మి అని పిలుచుకునే మనిషి, తమిళనాడు కాగితాల్లో తండ్రి పేరో భర్త పేరో ఇనీషియలుగా ఆర్. వెంకటలక్ష్మి అవుతుంది. షోలాపూరులో అయితే వెంకటలక్ష్మి రాములు బొడ్డు. బరంపురంలో ఇంటిపేరు చివరకు పోతుంది. ఇక "లక్ష్మి"ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో అందరికీ తెలిసిందే. కాబట్టి గుర్తింపు కార్డులో ఉన్నది ఉన్నట్టు ఒక పూర్తి పేరు, వాడుకలో ఉన్న ఇతర పేర్లు విడిగా, పుట్టిన తేదీ, తెలియకపోతే సుమారు వయసు, వీటన్నిటికీ చోటుండాలి. రోగిని పోల్చుకోవడానికి ఆసుపత్రి తన సొంత సంఖ్య ఇచ్చుకోవాలి. ఆభా సంఖ్య 14 అంకెలది, మంచిదే. కాని దాన్ని తీసుకోవడం ఐచ్ఛికం, అందరికీ ఉండదు. ఫోను నంబరును గుర్తుగా పెట్టుకుంటే ఇంకా ప్రమాదం, మన ఇళ్ళలో ఒక్క ఫోను మీద నలుగురి మందుల చీటీలు నడుస్తాయి.

అందుకే బుక్ చేసేవారికి వేరే కార్డు కావాలి. కొడుకు బెంగళూరు నుంచి బుక్ చేస్తాడు, తల్లి యానాంలో ఉంటుంది. సందేశం ఇద్దరికీ పోవాలి. ఏ భాషలో పోవాలన్నది రోగి కార్డులోనే ఉండాలి. బళ్ళారిలో పుట్టి పెరిగి కన్నడం చక్కగా చదివే తెలుగువాళ్ళున్నారు, తెలుగు మాట్లాడడమే గాని చదవడం రానివాళ్ళూ ఉన్నారు. ఇంటిపేరు చూసి భాష ఊహించకూడదు, అడిగి రాసుకోవాలి.

డాక్టరు, రోగి ఇద్దరూ మనుషులే కదా అని "మనిషి" అనే క్లాసు కింద రెండు శాఖలు గీసేస్తారు పిల్లలు. డాక్టరుగారికీ జ్వరం వస్తుంది. అప్పుడు ఆయన ఏ శాఖలో ఉండాలి? డాక్టరు, రోగి అన్నవి ఒకే మనిషి వేసుకోగల వేషాలు. మనిషి ఒకడు, పాత్రలు వేరు అని గీస్తే ఈ తంటా ఉండదు.

తర్వాత ఓపీ పూట. ఉదయం 9 నుంచి 12 వరకు, ఒక్కొక్కరికి 10 నిమిషాలు అనుకుంటే 18 వేళలు వస్తాయి. అన్నీ ముందే అమ్ముకోకుండా కొన్ని నేరుగా వచ్చేవారికి వదలాలి. 10:30 ఖాళీ ఉందని కౌంటరులో తల్లికీ, ఫోనులో మరొకరికీ ఒకే క్షణంలో కనబడవచ్చు. ఇద్దరూ నొక్కితే? "ఖాళీ ఉందా" అని చూడడం, "రాసెయ్" అనడం విడివిడి పనులుగా ఉండకూడదు. రెండూ కలిపి ఒక్క పనిగా చేసే బాధ్యత ఓపీ పూట కార్డుకే ఇవ్వాలి. రెండోవారికి అక్కడికక్కడే "అయిపోయింది, 10:40 ఉంది" అని చెప్పాలి.

అపాయింట్‌మెంట్‌కు కూడా సొంత కార్డుండాలి. రోగి కార్డులో ఒక తేదీగా దాన్ని ఇరికించకూడదు. దానికి దశలుంటాయి: బుక్ అయింది, మనిషి వచ్చారు, డాక్టరు చూశారు, రద్దయింది, రాలేదు. రద్దయినదాన్ని చెరపకూడదు. వేళ ఖాళీ అవుతుంది, రాత మాత్రం ఉంటుంది. చూసిన అపాయింట్‌మెంట్‌ను వెనక్కి "బుక్ అయింది" అనే దశలోకి మార్చనివ్వకూడదు.

కార్డులు రాశాక తలా ఒకటి చేతబట్టుకుని ఒక సంఘటన నడిపి చూడాలి. డాక్టరు హఠాత్తుగా సెలవు పెట్టారనుకోండి. ఓపీ పూట కార్డు తన కింద ఉన్న అపాయింట్‌మెంట్లను పిలవాలి, అవి రోగినీ బుక్ చేసినవారినీ పిలవాలి, కొత్త తేదీ అడగాలి. ఎవరి కార్డులోనూ రాయని పని ఒకటి మధ్యలో బయటపడుతుంది. మేం ఆడినప్పుడు, ఊరినుంచి బస్సెక్కేసిన రోగికి ఎవరు చెప్పాలో ఏ కార్డులోనూ లేదు. దానికోసం సందేశం అనే కార్డు కొత్తగా రాయాల్సి వచ్చింది. "అందింది" అని తిరుగు జవాబు రాకపోతే కౌంటరు గుమాస్తాకు ఫోను చేయమని చెప్పడం దాని బాధ్యత.

శిబిరం పుస్తకంలో ఇప్పుడు వయసు, గుర్తింపు కార్డులోని పేరు, వెంట వచ్చినవారి ఫోను అని మూడు కాలమ్‌లు కొత్తగా గీశాం. చీటీ ఇచ్చేముందు పేరు మనం చదవకుండా, వాళ్ళనే చెప్పమని అడుగుతున్నాం.