పిండీ పిండనట్టు

టూత్‌పేస్టు అయిపోవచ్చిందంటే మా ఇంట్లో ఆ గొట్టం నా చేతికి వస్తుంది. మావారు దాన్ని నడుం దగ్గర పట్టుకు నొక్కుతారు. పిల్లలు మెడ దగ్గర పిసుకుతారు. నేను మాత్రం పీట మీద పడుకోబెట్టి, అడుగునించి అప్పడాల కర్ర నడుపుతాను. ఇంకో నాలుగు రోజులకి సరిపడా పేస్టు బుద్ధిగా మూతి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఇది పిసినారితనం అంటారు మావారు. కాదనీ, దీని వెనక బోలెడంత చరిత్ర ఉందనీ నాకు పోయినేడాదే తెలిసింది.

పోయినేడాది మా చెల్లెలికి గుండె ఆపరేషన్ జరిగింది. చిన్నప్పుడు దానికి కీళ్ల జ్వరం వచ్చింది. వచ్చి తగ్గిపోయిందనే అనుకున్నాం. అది పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందని నలభై ఏళ్లు దాటాక, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినప్పుడుగానీ తెలియలేదు. కవాటం మార్చాలన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం ఒక కుర్రాడు దాని బరువూ పొడుగూ రాసుకోడానికి గదిలోకి వచ్చాడు. తెనాలి వైపు యాస.

"మీరు డాక్టరా బాబూ?" అన్నాను.

"కాదండీ. పంపు చూసుకుంటాను. రేపు అమ్మగారి గుండె ఆపినంతసేపూ ఆ పనంతా పంపు చేస్తుందండి."

గుండె ఆపడమనే మాట అతను అంత తేలిగ్గా అనేసరికి నా గుండె ఆగినంత పనయింది. మా చెల్లెలు మాత్రం మంచం మీదనించే, "పంపంటే, మన పెరట్లో బోరుకి బిగించినలాంటిదేనా?" అంది.

అతను నవ్వి, "అలాంటిదైతే నెత్తురు బతకదండి. ఇది వేరు. టూత్‌పేస్టు గొట్టం మీద అప్పడాల కర్ర నడిపినట్టుంటుంది" అన్నాడు.

ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం కోసం ఆ తరవాత నెలల్లో పుస్తకాలు తిరగేశాను. దొరికింది మీకూ చెప్పాలనిపించింది.

నెత్తురు నీళ్లలాంటిది కాదు. ఒక్క ఘన మిల్లీమీటరు నెత్తుట్లో నలభై, యాభై లక్షల ఎర్ర కణాలుంటాయి. పెరుగుని కవ్వంతో చిలికితే వెన్న వస్తుంది. నెత్తుటిని చిలికితే కణాలు చితికి, వాటిలోని ఎరుపంతా బయటికి కారిపోతుంది. అది మూత్రపిండాల మీదకి వస్తుంది. చిలక్కుండా ఊరుకుంటే మరో చిక్కు, కొత్త వస్తువేది తగిలినా గడ్డకట్టుకుపోతుంది. అంచేత నీళ్లు తోడే పంపుకి బలం ఉంటే చాలు. నెత్తురు తోడే పంపుకి బలంతో పాటు నెమ్మది కూడా కావాలి. దాని చరిత్రంతా ఆ నెమ్మది నేర్చుకున్న చరిత్రే.

ఆ కుర్రాడు చెప్పిన పంపు ఇలా ఉంటుంది. గుర్రపునాడాలా వంగిన గోడ. దాని లోపలివైపు ఒక మెత్తని గొట్టం. నడుమ గిర్రున తిరిగే చెయ్యి, దాని రెండు చివర్లా రెండు రోలర్లు. రోలరు గొట్టాన్ని గోడకేసి నొక్కుతూ పోతుంటే ముందున్న నెత్తురు ముందుకి పోతుంది. వెనక గొట్టం మళ్లీ ఉబ్బి కొత్త నెత్తుటిని లాక్కుంటుంది. ఒక రోలరు వదిలేలోగా రెండోది పట్టుకుంటుంది. ఇందులో గొప్ప ఏమిటంటే, నెత్తురు గొట్టం లోపలే నడిచిపోతుంది. చక్రానికిగానీ ఇనుముకిగానీ చమురుకిగానీ తగలదు. పని అయ్యాక ఆ గొట్టం తీసి పారేసి, ఇంకొకరికి కొత్తది వేస్తారు.

ఈ ఉపాయం పుట్టింది నెత్తుటి కోసం కాదు. 1855లో అమెరికాలో రూఫస్ పోర్టర్, బ్రాడ్లీ అనే ఇద్దరు బావిలో నీళ్లు తోడడానికని దీనికి పేటెంటు తీసుకున్నారు. ఈ పోర్టర్ గోడలమీద బొమ్మలు వేసుకునే చిత్రకారుడు. 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక మొదలుపెట్టిందీ ఆయనే. తరవాత 1881లో యూజీన్ ఆలెన్ అనే ఆయన ఇలాంటిదాన్నే ఒకరి నెత్తురు మరొకరికి ఎక్కించడానికి వాడొచ్చన్నాడు. మాట బాగానే ఉంది. పని మాత్రం సజావుగా సాగలేదు.

ఎందుకో వంట చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అప్పడాల కర్ర ఒకేవైపుకి నడిపితే పిండి కూడా కర్రతో పాటే జరిగిపోతుంది చూడండి. రోలరు కింద గొట్టం కూడా అంతే. కొంచెం కొంచెంగా పాకుతూ పోతుంది. ఒకవైపు బిగుసుకుని మరోవైపు వదులైపోతుంది.

దీన్ని సరిచేసినవాడు న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన మైకేల్ డిబేకీ. 1908లో పుట్టాడు. లెబనాన్ నించి వలస వచ్చిన కుటుంబం. చిన్నప్పుడే తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. ఆయన చేసిన మార్పు వింటే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. గొట్టానికి పొడుగునా, చీరకి అంచులాగా, ఒక అంచు పెట్టించి ఆ అంచుని చట్రంలో బిగించేశాడు. ఇక గొట్టం జరగదు. 1934లో నెత్తురు ఎక్కించే సాధనంగా దాన్ని గురించి వైద్యపత్రికలో రాశాడు. అది గుండెకి బదులుగా పనిచేస్తుందని అప్పటికి ఆయనకీ తోచి ఉండదు.

గుండెకి బదులు కావాలని తపించినవాడు మరొకాయన, జాన్ గిబ్బన్. బోస్టన్‌లో ఇంకా నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. 1930-31ల నాటి మాట. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకావిడకి నెత్తురుగడ్డ వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడింది. రాత్రంతా ఆవిడ పక్కన కూచుని నాడి చూడడం ఈయన పని. నాడి చూస్తూ ఆయన అనుకున్నాడట, ఈ నల్లబడిన నెత్తుటిని కాసేపు బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, మళ్లీ లోపలికి పంపగలిగితే ఈవిడ బతుకుతుంది కదా అని. పొద్దున్న పెద్ద డాక్టరు నిమిషాల్లో కోసి గడ్డ తీశాడు. అయినా ఆవిడ దక్కలేదు.

ఆ ఆలోచన వెనకపడి గిబ్బన్ ఇరవై ఏళ్లకి పైగా తిరిగాడు. ఒక్కడే కాదు. అదే ప్రయోగశాలలో పనిచేసే మేరీని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి, పాత సామాన్ల దుకాణంలో కొద్ది డాలర్లకి కొన్న గాలిపంపుతో మొదలుపెట్టారు. ప్రయోగాలకి పిల్లులు కావాలి. రాత్రిళ్లు ఈయన చేపముక్క ఎరగా పట్టుకుని, గోనెసంచీతో బోస్టన్ వీధుల్లో పిల్లుల కోసం తిరిగేవాడట. ఆ పిల్లుల మాట తలుచుకుంటే నాకు కష్టంగానే ఉంది, దాచను. 1935లో ఒక పిల్లి గుండె పని మొత్తం యంత్రం చేసింది. తరవాత పిల్లి మళ్లీ తన గుండెతోనే బతికింది. మొగుడూ పెళ్లాం ప్రయోగశాలలో గంతులేశారని చెప్పుకుంటారు.

పిల్లి నించి మనిషికి రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. మధ్యలో ప్రపంచయుద్ధం వచ్చింది. పైగా మనిషి గుండె తీరిగ్గా ఉన్నప్పుడే నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోడుతుంది. అంటే మూడు నిమిషాలకి ఒక పెద్ద బిందె. యుద్ధం తరవాత ఐ.బి.ఎం. కంపెనీ తమ ఇంజనీర్లని ఇచ్చి సాయం చేసింది. ఆ పెద్ద యంత్రంలో నెత్తుటిని నడిపినవి డిబేకీ బాగుచేసిన రకం రోలరు పంపులే. 1953 మే 6న ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల ఆసుపత్రిలో, గుండెలో చిల్లున్న 18 ఏళ్ల కాలేజీ పిల్లని ఆ యంత్రానికి కలిపారు. 26 నిమిషాలు ఆ పిల్ల గుండె పనీ ఊపిరితిత్తుల పనీ పూర్తిగా యంత్రమే చేసింది. చిల్లు కుట్టేశారు. ఆ పిల్ల లేచి, ఇంటికి వెళ్లి, అర్ధశతాబ్దం దాకా బతికింది.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బావుండును! కానీ ఆ తరవాత ఆయన అదే యంత్రంతో ఆపరేషన్ చేసిన చిన్నపిల్లలు బతకలేదు. గిబ్బన్ తట్టుకోలేకపోయాడు. గుండె ఆపరేషన్లే మానేశాడు. ఇరవై ఏళ్లు కని పెంచిన పనిని ఇంకొకరి చేతిలో పెట్టి పక్కకి తప్పుకోవడం ఎంత కష్టమో మనం ఊహించుకోవచ్చు.

యంత్రం మీద నమ్మకం పోయిన ఆ రోజుల్లో మినియాపొలిస్‌లో లిల్లెహై అనే డాక్టరు ఒక సాహసం చేశాడు. 1954లో బిడ్డనీ, తల్లినో తండ్రినో పక్కపక్క బల్లలమీద పడుకోబెట్టి, మధ్యలో ఒక పంపు పెట్టాడు. బిడ్డ నెత్తురు పెద్దవాళ్ల ఒంట్లోకి వెళ్లి, వాళ్ల ఊపిరితిత్తుల్లో శుభ్రపడి, మళ్లీ బిడ్డకి వస్తుంది. తొమ్మిది నెలలు మోసిన తల్లి మళ్లీ ఒక గంటసేపు మోసినట్టు. అలా 45 మందికి చేస్తే 28 మంది ఇళ్లకి వెళ్లారు. కానీ ఒక తల్లికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఒక్క ఆపరేషన్‌లో రెండు ప్రాణాలు పణంగా పెట్టడం అంటే ఇదే. అందుకనే అదే రాష్ట్రంలో, మేయో క్లినిక్‌లో కిర్‌క్లిన్ అనే ఆయన గిబ్బన్ యంత్రాన్నే తీసుకుని ముక్కముక్కా సరిచేశాడు. 1955లో మొదట ఎనిమిది మందికి వాడితే నలుగురు బతికారు. ఇవాళ ఆ లెక్క వింటే భయం వేస్తుంది. ఆ పిల్లలకి ఆపరేషన్ లేకపోతే బతుకే లేదు. ఆ కాలంలో అది వెలుగే.

ఆ తరవాత పంపు బాగుపడింది పెద్ద పెద్ద మార్పులతో కాదు. గొట్టానికి మెరుగైన ప్లాస్టిక్కులు వచ్చాయి. రోలరు ఎంత నొక్కాలో సన్నగా సవరించుకునే మర వచ్చింది. మరీ బిగిస్తే కణాలు నలుగుతాయి. వదిలేస్తే నెత్తురు వెనక్కి జారుతుంది. పిండీ పిండనట్టు ఉండాలి. అందుకు వాళ్లు చేసే పరీక్ష నాకు భలే నచ్చింది. గొట్టంలో ఉప్పునీళ్లు పోసి పైకెత్తి పట్టుకుని, రోలరు సందులోంచి ఆ మట్టం ఎంత నెమ్మదిగా దిగుతుందో చూస్తారు. అసలు దిగకపోతే బిగువెక్కువైనట్టు. చప్పున దిగితే వదులైనట్టు. మా అమ్మ పాకం తీగ చూసినంత ఓపికగా చూడాల్సిన పని.

డిబేకీ సంగతి చెప్పడం మరిచిపోయాను. ఆయన హూస్టన్‌లో పెద్ద సర్జన్ అయ్యాడు. పాడైన రక్తనాళాలకి బదులుగా గుడ్డతో గొట్టాలు చెయ్యాలని, 1950ల్లో దుకాణానికి వెళ్లి నైలాన్ అడిగితే లేదన్నారట. ఉన్న డాక్రాన్ గుడ్డే కొనుక్కొచ్చి, ఇంట్లో భార్య కుట్టుమిషను మీద తానే కుట్టాడు. తల్లి నేర్పిన కుట్టుపని అలా అక్కరకొచ్చింది.

ముసలితనంలో మళ్లీ పంపు దగ్గరికే వచ్చాడు. 1984లో డేవిడ్ సాసియర్ అనే నాసా ఇంజనీరుకి గుండె మార్పిడి జరిగింది. ఆ పరిచయంతో అంతరిక్షనౌక ఇంజన్ల పంపుల సంగతి తెలిసినవాళ్లూ, డిబేకీ బృందమూ కలిసి, నీరసించిన గుండెకి పక్కనే పెట్టే బుల్లి పంపు తయారుచేశారు. పొడుగు మూడంగుళాలు. ఇందులో రోలరు లేదు, నిమిషానికి వేలసార్లు తిరిగే రెక్క ఉంది. మొదట చేసినవి నెత్తుటిని నలిపేశాయి. మళ్లీ పాత చిక్కే! కంప్యూటర్లలో నెత్తుటి నడక లెక్కగట్టి, రెక్క ఒంపులు మార్చి మార్చి, 1998లో యూరప్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు. ఈ శతాబ్దంలో వచ్చిన కొన్ని పంపుల్లోనైతే తిరిగే చక్రం అయస్కాంత బలంతో నెత్తుట్లోనే తేలుతూ, దేనికీ ఒరుసుకోకుండా తిరుగుతుంది. పిండీ పిండనట్టు మొదలై అంటీ ముట్టనట్టు దాకా వచ్చిందన్నమాట.

2005 ఆఖర్లో, 97 ఏళ్ల వయసులో, డిబేకీకే గుండెనించి వచ్చే పెద్ద రక్తనాళం చీలింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఆయన ఒకప్పుడు కుట్టిన రకం డాక్రాన్ గొట్టమే వేసి బతికించారు. మరో రెండేళ్లు ఉండి, 2008లో పోయాడు.

మా చెల్లెలి గుండె గంటా నలభై నిమిషాలు ఆగింది. ఆ గంటా నలభై నిమిషాలూ నేను బయట బల్లమీద కూచుని పమిటచెంగు నలుపుతూనే ఉన్నాను. ఇప్పుడది రెండో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లి వడియాలు పెడుతోంది.

ఇంటికి వచ్చేసే రోజున ఆ తెనాలి కుర్రాడు కనిపించాడు. నాకొక అనుమానం ఉండిపోయింది, అడిగేశాను. "కరెంటు పోతే ఏం చేస్తారు బాబూ?"

"బాటరీ ఉంటుందండి. అదీ ఆగితే చేత్తో తిప్పడానికి పిడి ఉంటుంది."

"ఎప్పుడైనా తిప్పావా?"

"ఒక్కసారి. పదకొండు నిమిషాలు."

"చెయ్యి నొప్పి పుట్టలేదూ?"

అతను కాసేపు ఆలోచించాడు. "తిప్పేటప్పుడు తెలియలేదండి. మర్నాడు అన్నం కలుపుకుంటుంటే తెలిసింది" అన్నాడు.